పిలిచినవాళ్ళదే ఆ మాట

గుండీలక్కకు ఆ పేరు కుట్టుమిషన్ల షెడ్డులో వచ్చింది. పద్దెనిమిదో ఏట చొక్కాలకు కాజాలు తీసి గుండీలు కుట్టే పనిలో చేరి, పన్నెండేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుంది. చొక్కా చిరిగిపోవాలే తప్ప ఆమె కుట్టిన గుండీ ఊడదని మేస్త్రీ అనేవాడు. షెడ్డు మూతపడ్డాక, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే భర్త ఒక పాత కంప్యూటరు ఇంటికి మోసుకొచ్చాడు.

"ఇక్కడా గుండీలేనోయ్. నొక్కితే పని జరగాలి, అంతే తేడా" అని ఆమెను దాని ముందు కూర్చోబెట్టాడు.

ఆమె చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. అయినా మొండిది. ఆరేళ్ళు తిరిగేసరికి, కాగితాల దుకాణం మేడ మీద ఉన్న రెండు గదుల ఆఫీసులో, దుకాణాలకూ ఆస్పత్రులకూ వెబ్ పేజీలు కట్టే ఆరుగురిలో ఆమె ఒకతె అయింది. పేజీలో కనిపించే బటన్లు నొక్కగానే ఏం జరగాలో బ్రౌజరుకు చెప్పే స్క్రిప్టు రాయడం ఆమె పని. రాసింది ఇంటికి తెచ్చి భర్తకిచ్చేది. ఆయన ప్రూఫు చదివినట్టే వేలు పెట్టి వరసా వరసా చదివేవాడు.

"నీ భాష నాకు రాదు గానీ, తెరిచిన బ్రాకెట్టు మూయకపోతే నాకు కడుపునొప్పి వస్తుంది" అనేవాడు. నిజంగానే పట్టుకునేవాడు కూడా.

నిరుడు ఆమె చేసిన పేజీల్లో ఒకటి పన్నెండు మంచాల చిన్న ఆస్పత్రిది. ముసలివాళ్ళనూ, పక్షవాతం వచ్చినవాళ్ళనూ నెలల తరబడి ఉంచుకుని చూసే చోటు అది. ప్రతి మనిషి వేలికీ ఒక క్లిప్పు ఉంటుంది. నాడి ఎలా కొట్టుకుంటోందో నర్సుల గదిలోని తెర మీద గీతలా కదులుతూ కనిపిస్తుంది. నాడి పడిపోయినా, క్లిప్పు ఊడినా గంట మోగుతుంది. ఒళ్ళు తుడిచేటప్పుడూ పక్క మార్చేటప్పుడూ క్లిప్పు తీయక తప్పదు కాబట్టి, ఆ మంచానికి గంట ఆపే బటన్ ఒకటి పెట్టింది. నర్సులు ఆపడం గుర్తుంచుకునేవాళ్ళు, తిరిగి పెట్టడం మరిచిపోయేవాళ్ళు. అందుకని పెద్ద డాక్టరు ఒకరోజు ఫోను చేశాడు.

"ఆపినా పది నిమిషాల తర్వాత దానంతటదే మళ్ళీ మొదలయ్యేట్టు చెయ్యమ్మా. మనుషుల్ని నమ్ముకుంటే లాభం లేదు."

ఆ ఫోను వచ్చిన వారమే ఆమె భర్తకు కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ఇంట్లో పక్క గదిలో ఆయన పడుకుని ఉండగా ఈ గదిలో కూర్చుని ఆమె ఆ నాలుగు వరసలు రాసింది. ఆయనకు అప్పుడే కన్నంటుకుంది కదా అని కంప్యూటరు శబ్దం ఆపేసింది. బటన్ నొక్కింది. గంట పనిచేస్తోందని చెప్పే పసుప్పచ్చ గంట బొమ్మ బూడిదరంగుకు మారింది. పది నిమిషాలు చూస్తూ కూర్చుంది. బొమ్మ మళ్ళీ పసుప్పచ్చగా అయింది. సరేననుకుని పంపించేసింది. ఆ నాలుగు వరసల్నీ ఎవరూ వేలు పెట్టి చదవలేదు.

మూడు వారాలకు ఇంట్లో చూసుకోవడం ఎవరి వల్లా కాక, ఆయన్ని ఆ ఆస్పత్రిలోనే చేర్చారు. నాలుగో నంబరు మంచం. అత్తగారు బెంగపడుతుంటే ఆమే ధైర్యం చెప్పింది.

"నేను చేసిన తెరే అత్తయ్యా. ఏమైనా అయితే క్షణంలో గంట మోగుతుంది."

పట్టపగలు, మధ్యాహ్నం రెండూ నలభైకి, పక్క మంచానికి మందివ్వడానికి వచ్చిన నర్సు ఆయన ముఖం చూసి కేక పెట్టింది. అప్పటికే ఒళ్ళు చల్లబడింది.

గంట మోగలేదని నర్సు ఒట్టు పెట్టుకుంది. పదకొండింటికి ఒళ్ళు తుడవడానికి గంట ఆపిన మాట నిజమే గానీ, పది నిమిషాలకు బొమ్మ తిరిగి వెలగడం కళ్ళారా చూశానంది. మర్నాడు పొద్దున డాక్టరు స్వయంగా నాలుగో నంబరు క్లిప్పు ఊడదీసి చూశాడు. గంట చెవులు చిల్లులు పడేలా మోగింది. ఇంకేముంది, నర్సుది అబద్ధమని తేలిపోయింది. యంత్రానికి అబద్ధమాడాల్సిన అవసరమేముందని అందరూ అన్నారు. గుండీలక్క కూడా అంది.

"ఫోనులో ముచ్చట్లు పెట్టుకుని నా బిడ్డను మింగేసింది" అని అత్తగారు నెలా పది రోజులుగా అంటూనే ఉంది. అన్నం ముందు కూర్చున్నా అదే, తల దువ్వుకుంటున్నా అదే. ఆ కోపం లేకపోతే ఆవిడ మంచం దిగేదే కాదేమో.

అలా ఉండగా ఒక రోజు, సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రికి రమ్మని కబురొచ్చింది. ఫిర్యాదు కాగితం తయారైంది, అత్తగారు సంతకం పెడితే చాలు. ఆ సంతకం పడితే నర్సు ఉద్యోగం ఊడుతుంది. అంతటితో పోదు, ఇంకే ఆస్పత్రీ ఆమెను గడప తొక్కనివ్వదు.

అదే రోజు పొద్దున పదకొండున్నరకు గుండీలక్క తోడికోడలితో భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. ఆయన పోయాక మధ్యాహ్నాలు గడవక, తోడికోడలికి ఈ పని నేర్పడం మొదలుపెట్టింది. తోడికోడలు ఇల్లు తప్ప ఎరగదు, నోరు మాత్రం చురుకు.

"అక్కా, స్క్రిప్టులో నాకీ ‘దిస్’ అన్న మాట ఒక్కటీ కొరుకుడు పడటం లేదు. ఇక్కడ చూస్తే మంచం అంటావు, అక్కడ చూస్తే బటన్ అంటావు. ఒక మాటకి ఒక అర్థం ఉండొద్దూ?"

"ఉండదు. నువ్వు ‘మా ఆయన’ అంటే ఎవరు?"

"మీ మరిది. ఇంకెవరు, నా ఖర్మ!"

"పక్కింటావిడ ‘మా ఆయన’ అంటే?"

"ఆ బట్టతలాయన."

"మాట ఒకటే. మనిషి వేరు. ఎవరి నోట్లోంచి వచ్చిందో చూసుకోవాలి. ‘దిస్’ కూడా అంతే. ఎక్కడ రాశామన్నది కాదు, ఆ పనిని ఎవరు పిలిచారన్నది లెక్క. నాలుగో నంబరు మంచం పిలిస్తే ‘దిస్’ అంటే నాలుగో మంచం. ఏడో నంబరు పిలిస్తే ఏడోది."

తోడికోడలు పెన్సిలుతో చెంప మీద తట్టుకుంది. "అయితే ‘మా ఆయన రాత్రి గురక పెట్టాడు’ అని ఎవరి పేరూ లేకుండా ఓ చీటీ రాసి వీధిలో పడేస్తే?"

"అదీ అడగాల్సిన ప్రశ్న. పిలిచేవాళ్ళు ఎవరూ లేకపోతే బ్రౌజరు రెండు రకాలుగా చేస్తుంది. గట్టిగా ఉండమని మొదట్లోనే చెప్పి ఉంటే, ‘దిస్’ అంటే ఎవరూ కాదు అంటుంది, అక్కడే తప్పని అరిచి ఆగిపోతుంది. చెప్పకపోతే నోరెత్తదు. ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ అనుకుని, మొత్తం పేజీని పట్టుకున్న విండోకి అంటగట్టేస్తుంది."

"అంటే వీధి వీధంతటికీ ఆయనే ఆయనా! ఎంత పని చేశావే బ్రౌజరూ!" తోడికోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. చాలా రోజులకు గుండీలక్క పెదవులు కూడా కదిలాయి.

"మరి నేను ‘మా ఆయన’ అంటే ఇప్పుడు..." అని మొదలుపెట్టి గుండీలక్క ఆగిపోయింది. తోడికోడలు నవ్వు ఆపేసింది. మాట మార్చడానికన్నట్టు, నేర్చుకోమని ముందు పెట్టిన స్క్రిప్టులోకే వంగింది. అది ఆ ఆస్పత్రి పేజీదే.

"ఇక్కడ చూడక్కా. గంట ఆపడానికి మంచం పిలుస్తోంది. ‘దిస్’ అంటే మంచం. ఈ మంచం గంట ఆగింది అని రాసుకుంది. బాగుంది. తర్వాత పది నిమిషాలకు టైమరు పెట్టావు. ఆ టైమరు లోపల మళ్ళీ ‘దిస్’ అని ఉంది."

"ఆఁ."

"పది నిమిషాలయ్యాక ఈ లోపలి పనిని పిలిచేది టైమరు కదా. మంచం కాదు కదా. మరి ఈ ‘దిస్’ ఎవరు?"

గుండీలక్క సమాధానం చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో ఆ వరస మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది.

టైమరు ఎవరి తరఫునా పిలవదు. గట్టిగా ఉండమని రాసినా సరే, టైమరు పిలిచిన పనికి బ్రౌజరు విండోనే అంటగడుతుంది. కాబట్టి ‘దిస్’ అంటే విండో. పది నిమిషాల తర్వాత, గంట మళ్ళీ పనిచేయాలి అన్న మాట మంచానికి చేరలేదు. ఎవరూ చూడని చోట, విండో నెత్తిన రాసిపెట్టి ఊరుకుంది. తప్పు అని ఒక్క అక్షరం అరవలేదు. మరి బొమ్మ? బొమ్మను పసుప్పచ్చగా మార్చే వరసలో ‘దిస్’ లేదు. మంచం నంబరు పెట్టి నేరుగా బొమ్మనే పిలిచింది. అందుకే బొమ్మ వెలిగింది. మంచం మాత్రం మూగదిగానే ఉండిపోయింది. రోజూ పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ డ్యూటీలు మారేటప్పుడు పేజీ మూసి కొత్తగా తెరుస్తారు. తెరవగానే అన్ని గంటలకూ నోళ్ళు వస్తాయి. మర్నాడు పొద్దున డాక్టరు చూసింది అలాంటి గంటనే.

పదకొండింటికి నర్సు బటన్ నొక్కింది. పదకొండూ పదికి బొమ్మ వెలిగింది. ఆ తర్వాత రెండూ నలభై దాకా నాలుగో నంబరు మంచానికి గంట లేదు.

"అక్కా, నేనేమైనా తప్పడిగానా?"

గుండీలక్క లేచి ఫోను అందుకుంది. ఆస్పత్రి నర్సుల గదికి చేసింది. ఎవరో కొత్త గొంతు పలికింది.

"ముందు పేజీ మూసి మళ్ళీ తెరవండి. ఇప్పుడే. తర్వాత పన్నెండు మంచాల దగ్గరికీ వెళ్ళి మనిషిని ముట్టుకుని చూడండి. తెర చూసి చెప్పొద్దు. ఫోను పెట్టకండి, నేను వింటుంటాను."

అవతల చెప్పుల చప్పుడు వినిపించింది. ఒకటో నంబరు బాగున్నారు. రెండు బాగున్నారు. మూడు. నాలుగు ఖాళీ. అయిదు, ఆరు. ఏడు దగ్గర చప్పుడు ఆగిపోయింది. గుండీలక్క బల్ల అంచు పట్టుకుంది.

"ఏడో నంబరు తాతగారి వేలికి క్లిప్పు లేదమ్మా" అంది గొంతు. "దుప్పటి మడతల్లో పడి ఉంది. నిద్రపోతున్నారు, ఊపిరుంది. ఎనిమిదిన్నరకి స్నానం చేయించాం. అప్పట్నుంచీ ఇలాగే ఉందేమో. గంట ఎందుకు మోగలేదో!"

మిగతా అయిదు మంచాలూ అయ్యాక గుండీలక్క కూర్చుని, టైమరు లోపలి పనిని బాణం గుర్తు పెట్టి తిరగరాసింది. బాణం గుర్తుతో రాసిన పని, ఎవరు పిలిచినా సరే, తాను పుట్టిన చోటి ‘దిస్’నే పట్టుకుని ఉంటుంది. ఒక్క మాట తీసి ఒక్క గుర్తు పెట్టడం, అంతే. కొత్తది ఆస్పత్రికి పంపి, మళ్ళీ ఫోను చేసి పేజీ ఇంకోసారి తెరిపించింది.  

వెనక గదిలో అత్తగారు సాయంత్రానికి కట్టుకోవాల్సిన చీరను మడతలు సరిచేసుకుంటోంది.

తోడికోడలు గొంతు తగ్గించింది. "అక్కా. సరిచేసేశావు కదా. ఇంక ఎవరికీ ఏమీ కాదు. నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? నాకైతే ఏమీ అర్థం కాలేదనుకో."

"నీకు అర్థమైంది కాబట్టే కదా నాకు అర్థమైంది."

"అత్తయ్య బతకదక్కా. నిన్ను బతకనివ్వదు."

"ఆ నర్సుకి ఇద్దరు పిల్లలు" అంది గుండీలక్క. ఆ విషయం తనకు ఎప్పటినుంచో తెలుసని, ఇంతవరకూ తలుచుకోలేదని అప్పుడే గమనించింది.

చెప్పాలని మూడుసార్లు అత్తగారి గది గుమ్మం దాకా వెళ్ళింది. మూడుసార్లూ అత్తగారే మాట్లాడింది. "జడ గట్టిగా వెయ్యి పెద్దదానా." "కళ్ళజోడు పెట్టుకున్నానా?" "దాని ముఖం చూడకుండా సంతకం పెట్టేసి వచ్చేద్దాం." గుండీలక్క జడ వేసింది, కళ్ళజోడు తుడిచిచ్చింది. ఆటోలో అత్తగారు మధ్యలో కూర్చుని ఇద్దరి చేతులూ పట్టుకుంది. పెద్దకోడలి ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచి ఎందుకని ఎవరూ అడగలేదు.

డాక్టరు గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. బల్ల మీద కాగితం, దాని మీద పెన్ను. గోడ పక్క కుర్చీలో నర్సు, నేల చూస్తూ. మనిషి సగమైపోయింది.

"ఇక్కడ పెట్టండి అమ్మా, ఈ గీత మీద" అన్నాడు డాక్టరు.

"ఒక్క నిమిషం డాక్టరు గారూ" అంది గుండీలక్క, ల్యాప్‌టాప్ బల్ల మీద తెరుస్తూ. "సంతకానికి ముందు ఒకటి చూడాలి. ఆ రోజున్న పేజీయే, పాత కాపీ. ఒక క్లిప్పు తెప్పించండి."

క్లిప్పు తన వేలికే పెట్టుకుంది. తెర మీద నాలుగో నంబరు గడిలో ఆమె నాడి గీత మొదలైంది, పరుగెత్తుతున్నట్టు. వేలు తీసింది. గంట మోగింది. గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. మళ్ళీ పెట్టుకుని, నర్సు వైపు తిరిగింది.

"సిస్టర్, ఆ రోజు ఎలా ఆపారో అలా ఆపండి."

నర్సు భయంభయంగా వచ్చి బటన్ నొక్కి, వెళ్ళి కూర్చుంది. బొమ్మ బూడిదరంగుకు మారింది.

"ఇప్పుడు పది నిమిషాలు చూడాలి."

"పది నిమిషాలా? దాన్ని పది సెకన్లకి మార్చెయ్యరాదూ?"

"మారిస్తే మార్చినందుకే అలా అయిందంటారు. ఒక్క అక్షరం ముట్టుకోను డాక్టరు గారూ."

"ఏంటే ఇది? ఎందుకిదంతా?" అంది అత్తగారు.

"కూర్చోండి అత్తయ్యా."

పది నిమిషాలు ఎంత పొడుగో ఆ గదిలో ఉన్నవాళ్ళకే తెలిసింది. ఫ్యాను తిరుగుతోంది. కాగితం అంచు లేచి పడుతోంది. డాక్టరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. నర్సు మాత్రం తెర మీది నుంచి చూపు తిప్పలేదు. గుండీలక్క తన గీతను తను చూసుకుంటూ కూర్చుంది. ఆయన గీత కూడా ఇదే గడిలో, ఇదే రంగులో కదిలింది. ఎప్పుడో ఒక నిమిషాన ఆగింది. ఆ నిమిషం ఏదో ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

బొమ్మ పసుప్పచ్చగా వెలిగింది.

"చూశారా, నేను చెప్పింది ఇదే, ఇలాగే వెలిగింది" అంది నర్సు, ఊపిరి వదులుతూ.

గుండీలక్క క్లిప్పులోంచి వేలు లాగేసింది. గీత ఒక్కసారి ఎగిరి, పడి, సాపుగా అయింది. బొమ్మ పసుప్పచ్చగానే ఉంది. గదిలో చప్పుడు లేదు. డాక్టరు ముందుకు వంగాడు. ఇంకా చప్పుడు లేదు.

"మోగదేం?" అంది అత్తగారు. "ఏమైంది దానికి? పాడైందా?"

"పాడవలేదు అత్తయ్యా. రాసినట్టే పనిచేస్తోంది. రాసింది నేను."

ఆవిడకు తెలియలేదు. ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది. నర్సు ముఖం దగ్గర ఆగింది. అక్కడ తెలిసింది.

"ఎంతసేపు?" అని అడిగింది. "వాడికి ఎంతసేపు మోగలేదు?"

"మూడున్నర గంటలు."

అత్తగారి చేతిలో పెన్ను ఉంది. ఎప్పుడు తీసుకుందో. డాక్టరు మెల్లగా కాగితం వెనక్కి లాక్కున్నాడు. గుండీలక్క ఇంకో తెల్ల కాగితం అడిగి తీసుకుని రాసింది. ‘గంట మోగలేదు. నర్సు చెప్పింది నిజం. గంట మోగకుండా స్క్రిప్టు రాసింది నేను.’ కింద సంతకం చేసింది. ఎవరు చదివినా ఆ ‘నేను’ తనే అయ్యేలా, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసింది.

నర్సు లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

"మీరు రాశారు" అంది. "నొక్కింది నేనే కదమ్మా." అంతే అని, తలుపు తీసుకుని వార్డులోకి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు అత్తగారు ఆటోలో చివరన కూర్చుంది.  నెలా పది రోజుల తర్వాత ఆవిడ నోట నర్సు మాట రాకుండా గడిచిన మొదటి గంట అది. ఇల్లు చేరాక చెప్పులు విడిచి, నేరుగా పెద్దకోడలి గదిలోకి వెళ్ళింది. ఆయన పోయిన రోజు నుంచీ ఆవిడ ఆ గదిలోనే, ఆమె పక్కనే పడుకుంటోంది. నిద్రలో కూడా కోడలి చెయ్యి వదిలేది కాదు.

లోపలి నుంచి దిండూ దుప్పటీ పట్టుకుని బయటికి వచ్చింది.

"చిన్నదానా, నా పక్క నీ గదిలో వెయ్యి" అంది.

తోడికోడలు కదల్లేదు. పెద్దకోడలి వైపు చూసింది. గుండీలక్క వచ్చి, అత్తగారి చేతుల్లోంచి బరువు అందుకోబోయింది. ఆవిడ ఇవ్వలేదు. దిండును రెండు చేతులా గుండెకు అదుముకుని, గోడ పక్కగా, కోడలి కొంగు కూడా తగలకుండా తప్పుకుని వెళ్ళింది. చిన్నకోడలి గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. లోపల గడియ పెట్టిన చప్పుడు, చిన్నదే, ఇంటిల్లిపాదికీ వినిపించింది.